రొయ్య చేప యగునా?



2018వ సంవత్సరము జనవరి నెలలో హైదరాబాదు నగరమున ఒక చిన్న జలచరమును గూర్చి పెద్ద చర్చ పుట్టినది. 1876లో స్థాపితమై, దక్షిణాపథమున ఇస్లాము ధర్మవిద్యకు ప్రధాన పీఠములలో నొకటిగా పేరొందిన జామియా నిజామియా నుండి అప్పుడొక ఫత్వా వెలువడెను. రొయ్య చేపజాతిలోనిది కాదనియు, అందుచేత దానిని భుజించుట ముస్లిములకు తగదనియు దాని సారాంశము. ఫత్వా యనగా రాజశాసనము కాదు. ధర్మశాస్త్ర మెరిగిన ముఫ్తీ, అడిగినవారికి చెప్పు అభిప్రాయము. అయినను ఆ మాట విని పలువురు విస్తుపోయిరి. తరతరములుగా రొయ్యల పులావు వండుకొని, అతిథులకు ప్రేమతో వడ్డించిన కుటుంబములు ఆ నగరమున కలవు. రొయ్య తినవచ్చునని, ఆ పీఠము అనుసరించు ధర్మశాఖకే చెందిన ఇతర పండితులు అంతకు బహుకాలము ముందే చెప్పియుండిరి. మరి ఎవరి మాట నిజము?

ఫత్వా చెప్పు అధికారము నాకు లేదు. ఆ పని చేయబోను. కాని ఆ వివాదమునకు వెనుక నున్న వాదములు, వేయి సంవత్సరములకు పైగా మేధావు లొకరి కొకరు చెప్పుకొనుచు వచ్చిన వాదములు, మిక్కిలి రమణీయములు. వానిని తెలిసికొన్నచో మన పొరుగింటివారి విస్తరిలో ఏది యున్నదో, ఏది లేదో, ఎందుకు లేదో మనకు బోధపడును. మొదట ఒక్క విషయము మనసున నిలుపుకొనుడు. సముద్రమునుండి వచ్చు ఆహారము ముస్లిములకు మూలతః ధర్మసమ్మతమే. పొలుసులు గల చేప హలాలు, అనగా ధర్మసమ్మతము, అనుటలో ఏ శాఖకును ఏ శాఖతోను భేదము లేదు. భేదమంతయు, ఆ అనుమతికి హద్దు ఎచ్చట గీయవలెనను దానిలోనే యున్నది.

ఖురానులోని అయిదవ అధ్యాయము పేరు అల్-మాయిదా. అందు 96వ వాక్యము హజ్ యాత్రాదీక్షలో నున్నవారికి నియమములు చెప్పుచు, దీక్షాకాలమున భూమిమీది వేట నిషిద్ధమనియు, సముద్రపు వేటయు సముద్రపు ఆహారమును మాత్రము వారికిని బాటసారులకును భోగ్యములనియు తెలుపుచున్నది. పదునారవ అధ్యాయమున మరియొక వాక్యము కలదు. మనుష్యులు తాజా మాంసమును తినుటకును, ధరించు ఆభరణములను వెలికి తీయుటకును, ఓడలు నీటిని చీల్చుకొని సాగుటకును భగవంతుడు సముద్రమును వశము చేసెనని దాని భావము. వేటయు, ముత్యమును, ప్రయాణమును ఒక్క చోట చేర్చి కడలిని ఒక వరముగా చెప్పిన తీరును గమనింపుడు.

ఇది యొక పక్క. రెండవ పక్క నేమున్నది? అదే అయిదవ అధ్యాయపు మూడవ వాక్యమున, తనంతట చచ్చిన జంతువు, రక్తము, పందిమాంసము మొదలగునవి నిషిద్ధములని స్పష్టముగా నున్నది. అందువలననే మేకయైనను కోడియైనను దైవనామము చెప్పి గొంతు కోసిన గాని ముస్లిమునకు తినదగినది కాదు. మన పల్లెలలో హలాలు చేయుట యను మాట ఎల్లరకు తెలిసినదే. మరి చేప మాటేమి? చేపను ఎవరును అట్లు దైవనామము చెప్పి కోయరు, అనగా జబహ్ చేయరు. అది గట్టునకు వచ్చి, ఊపిరాడక, తనంతట తానే చచ్చును. భూమిమీది జంతువున కిట్లు జరిగినచో అది నిషిద్ధమైన శవము. చేపకు జరిగినచో ఆహారము. ఈ తేడా యెట్లు వచ్చెను? ఈ ప్రశ్నను వదలకుడు. మనము చెప్పుకొనబోవు కథ అంతయు దీనినుండియే పుట్టినది.

ప్రవక్త ముహమ్మదు నొకనాడు ఒక మనుష్యుడు సమీపించి, తాము సముద్రముపై ప్రయాణము చేయుదుమనియు, తాగునీరు కొంచెమే వెంట తీసికొని పోగలమనియు, ఆ నీటితో ప్రార్థనకు ముందు కాలుసేతులు కడుగుకొన్నచో దాహముతో బాధపడుదుమనియు విన్నవించి, ఉప్పునీటితో శుద్ధి చేసికొనవచ్చునా యని అడిగెనట. ప్రవక్త, సముద్రపు నీరు శుద్ధికరమేయని చెప్పి, అడుగని మాట నొకటి అదనముగా చేర్చెను: అందు చచ్చినదియు హలాలే యని. నీటిని గూర్చి యడిగిన నావికుడు, నీటితోపాటు భోజనమును గూర్చిన తీర్పును కూడ పొంది వెళ్లెను. అడిగినవాని యక్కర నెరిగి అడుగనిది కూడ చెప్పు గురువు దొరకుట అదృష్టము.

ఇంకొక హదీసు కలదు; ప్రవక్త మాటలను, చేతలను తెలుపు నివేదికకే హదీసని పేరు. మృతములైన వానిలో రెండును, రక్తములలో రెండును అనుమతింపబడినవని, అవి చేపయు మిడుతయు, కాలేయమును ప్లీహమును అని అందు చెప్పబడినది. ఈ రెండు హదీసులను గుర్తుంచుకొనుడు. ఒకటి సముద్రపు మృతము అన్నది. రెండవది చేప అన్నది. ఒకటి విశాలము, రెండవది పరిమితము. ఏది ఏదానికి వ్యాఖ్యానము? అందే చీలిక.

ఇక ఒక వృత్తాంతము వినుడు. ప్రవక్త తన సహచరుడైన అబూ ఉబైదా నాయకత్వమున మున్నూరుమంది యోధులను ఎర్రసముద్ర తీరమునకు పంపెను. తోవలో ఆహారము తరిగిపోయినది. నాయకుడు మనిషికి దినమునకు ఒక్క ఖర్జూరపు కాయ చొప్పున పంచిపెట్టసాగెను. ఒక్క కాయతో ఏమి చేసెడివారని తరువాతి కాలమున ఎవరో అడుగగా, పసిబిడ్డ చప్పరించినట్లు చప్పరించి పైన నీరు త్రాగెడివారమని అందు పాల్గొన్న జాబిర్ చెప్పెను. పిదప అదియు లేకపోయెను. కర్రలతో చెట్ల ఆకులు రాల్చి, నీట తడిపి తినిరి. అందుచేతనే ఆ దండయాత్రకు రాలుటాకుల దండయాత్ర యను పేరు వచ్చినది.

అట్టి దుర్దశలో సముద్రము ఇసుకదిబ్బవంటి ఒక మహాకాయమును ఒడ్డునకు త్రోసివేసెను. దానిని వారు అంబరు అనిరి. అది నేటి వారు తిమింగిలమని పిలుచు జీవి. అబూ ఉబైదా దానిని చూచి మొదట, ఇది చచ్చిన జంతువు గదా, తగదు, అనెను. మరల ఆలోచించి, మనము దైవప్రవక్త పంపగా వచ్చినవారము, గతిలేని స్థితిలో నున్నాము, తినుడు, అని తన మాటను తానే మార్చుకొనెను. మున్నూరుమంది అనేక దినములు దానిని తిని బలము పుంజుకొనిరి. దాని కంటి గుంటలో పదుమూడుగురు కూర్చుండిరట. దాని ప్రక్కటెముక నొకదానిని నిలువబెట్టగా, దాని క్రిందుగా ఒంటె నడచిపోయెనట. మిగిలిన మాంసమును ఎండబెట్టుకొని మదీనాకు తెచ్చిరి.

కథ ఇచ్చట ముగిసినచో, ఆకలిచే చావబోవు వానికి నిషిద్ధమును అనుమతమగునను సాధారణ న్యాయమే ఇందు కనబడుచున్నదని చెప్పి ఊరకుండవచ్చును. కాని ముగియలేదు. మదీనాలో ప్రవక్త ఆ వృత్తాంతము విని, అది భగవంతుడు మీకొరకు వెలువరించిన ఆహారమని చెప్పి, మీవద్ద ఏమైన మిగిలినదా యని అడిగి, పంపగా తానును తినెను. మదీనాలో ఆయనకు గతిలేమి లేదు. కనుక ఆ మాంసము ఆపద్ధర్మముగా గాక, స్వతఃసిద్ధముగనే హలాలైనదని ధర్మవేత్తలు నిర్ణయించిరి. శాస్త్రకారులు ఈ కథను ఎన్ని మారులు తిరుగవేసినను తనివి తీరకపోవుటకు ఆ చివరి ముద్దయే కారణము.

ఇప్పుడు ధర్మశాఖలకు వత్తము. సున్నీ ముస్లిములలో నాలుగు మజహబులు కలవు: హనఫీ, మాలికీ, షాఫయీ, హంబలీ. ఈ నాలుగింటిలో మూడు సముద్రమునకు తలుపు బార్లా తెరచినవి. మరల చెప్పుచున్నాను: నాలుగింటిలో మూడు. మదీనా నగరమున బోధించిన ఇమాము మాలిక్ శాఖవారు సముద్రజీవు లన్నియు తినదగినవే యందురు. తిమింగిలమైనను, రొయ్యయైనను, పీతయైనను, ఆలుచిప్పయైనను వారికి ఒకటే. ఇందు ఒక చమత్కారము కలదు. నీటిపంది యని అరబ్బులు పిలుచు జలచరమును గూర్చి అడిగినప్పుడు, మీరే దానిని పంది యని పిలుచుచున్నారు కదా యని మాత్రము పలికి ఇమాము మాలిక్ తీర్పు చెప్పక తప్పించుకొనెనట. అంతటి పండితుడు ఒక పేరు ముందర తడబడుట నాకెంతో ముచ్చటగా తోచును.

షాఫయీ, హంబలీ శాఖలును సముద్రజీవులను విస్తారముగా అనుమతించినవి. అయితే నీటను నేలను కూడ బ్రతుకు వానియందు వారికి సందేహము. కప్ప కూడదు, ఒక వైద్యుడు మందులో కప్పను వాడవచ్చునా యని అడుగగా ప్రవక్త దానిని చంపుటను వారించెనను హదీసు అందుకు ఆధారము. మొసలి కూడదు. పీత విషయమున షాఫయీ పండితులలోనే భేదాభిప్రాయములు పుట్టినవి. అది గట్టెక్కి తిరుగును, మరల నీట దిగును. దాని నెవరి పద్దున వ్రాయవలెను?

నాలుగవది హనఫీ శాఖ. భారతదేశమున ముస్లిములలో అత్యధికులు, మన ఆంధ్ర తెలంగాణములలోని ముస్లిములలో అత్యధికులు, ఈ శాఖవారే. క్రీస్తుశకము ఎనిమిదవ శతాబ్దిలో కూఫా నగరమున బోధించిన ఇమాము అబూ హనీఫా దీనికి మూలపురుషుడు. ఈ శాఖ సిద్ధాంతము నొక్క వాక్యమున చెప్పవచ్చును: నీటి ప్రాణులలో చేప తప్ప మరేదియు హలాలు కాదు. పీత కాదు, నత్త కాదు, తాబేలు కాదు. ఎందుచేత? వారి తర్కము నిట్లు వినుడు. జబహ్ లేక చచ్చినదెల్ల నిషిద్ధమని ఖురాను శాసించినది. ఆ శాసనమునకు మినహాయింపు చూపిన హదీసు చేప యను పేరునే చెప్పినది. పేరు చెప్పిన దానికే మినహాయింపు వర్తించును. సముద్రపు వేట యను వాక్యము దీక్షాపరుడు వేటాడు కార్యమును గూర్చి చెప్పినదే గాని, వేటలో పడిన ప్రతి ప్రాణిని తినుమని చెప్పినది కాదు. మరియు జుగుప్స గొలుపు అపరిశుభ్ర పదార్థములను ప్రవక్త నిషేధించునని ఖురాను వేరొకచోట చెప్పినది.

చేపలోను హనఫీలకు ఒక నియమము కలదు. వలలో చచ్చినది, ఒడ్డున పడి చచ్చినది, కెరటము విసరివేయగా చచ్చినది తినవచ్చును. కారణమేదియు లేక నీటిలోనే చచ్చి, కడుపు పైకి తేలిన చేప మాత్రము తగదు. ఇతర శాఖలవారికి ఈ తేలిన చేపయు సమ్మతమే. సముద్రపు మృతము హలాలన్న మాటకు హద్దెందుకని వారి ప్రశ్న.

కూఫా సముద్రమునకు దూరమైన ఊరు గావున హనఫీలు సముద్రజీవు లెరుగక ఇట్లు కఠినముగా చెప్పిరని కొందరు తేలికగా అనుచుందురు. ఈ మాట నాకు రుచింపదు. మాలిక్ నివసించిన మదీనా మాత్రము సముద్రతీరమున నున్నదా? ఇమాముల నిర్ణయములకు గ్రంథప్రమాణములే ఆధారములు. అయితే ఆ శాఖలు వ్యాపించిన తీరులో భూగోళము పాత్ర నిశ్చయముగా కలదు. అరబ్బు వర్తకుల ఓడలతో వచ్చిన ఇస్లాము ప్రధానముగా షాఫయీ. అది కేరళ తీరమున, ఇండోనేషియా దీవులలో, మలయా దేశమున నాటుకొన్నది. కనుమలు దాటి గుర్రములపై ఉత్తర హిందూస్థానమునకు వచ్చిన ఇస్లాము ప్రధానముగా హనఫీ. కేరళ మాప్పిళ్లలు కల్లుమ్మక్కాయ యను ఆలుచిప్పలను పండుగనాడు సైతము వండుకొందురు. హైదరాబాదు హనఫీ గృహస్థుడు వానిని ముట్టడు. ఇద్దరును ఒకే దిక్కునకు మోకరిల్లి ప్రార్థన చేయువారే.

ఇక రొయ్యకు వత్తము. హనఫీకి చేప తప్ప మరేదియు తగదనుకొన్నాము. కనుక వాని ప్రశ్న ఒక్కటే. రొయ్య చేపయా, కాదా?

ప్రాణిశాస్త్రము నడిగినచో సమాధానము తడుముకొనకుండ వచ్చును. చేపకు వెన్నెముక కలదు, రొయ్యకు లేదు. రొయ్య పెంకు కప్పుకొన్నది, కీళ్లు గల కాళ్లు కలది; దానికి చుట్టము పీత. నిజామియా ఫత్వాకు ఈ విభజనయే ఆధారము. దానిని తినుట మక్రూహె తహ్రీమీ, అనగా హరామునకు, నిషిద్ధమునకు, అతి సమీపమైన అయోగ్యతయని ఆ ఫత్వా తేల్చినది.

రెండవ పక్షమువారు ప్రాణిశాస్త్రమును గాక నిఘంటువును తెరతురు. ప్రాచీన అరబ్బీ నిఘంటుకారులు రొయ్యను పురుగులను పోలిన ఒక తెగ చేపయని వ్రాసిరి. 1405లో గతించిన ఈజిప్టు పండితుడు దమీరీ, జంతువులను గూర్చి తాను రచించిన సుప్రసిద్ధ గ్రంథమున, రొయ్యను ఎర్రని చిన్న చేపగనే వర్ణించెను. ఈ ఆధారములతోనే ఇరువదవ శతాబ్ది ఆరంభమున హిందూస్థానమున మహాపండితుడుగా పేరొందిన మౌలానా అష్రఫ్ అలీ థానవీ రొయ్య హలాలని చెప్పెను. ఉరుదూ మాటలాడువారు దానిని ఝింగా మచ్ఛీ యని, చేపను చేర్చియే పిలుతురు. మన తెలుగు తీరమున మాత్రము చేపల గంప వేరు, రొయ్యల గంప వేరు. తెలుగు మాటలాడు హనఫీకి ఇది మరికొంత చిక్కే!

ఈ రెండు పక్షములలో నాకేది బలవత్తరముగా తోచుచున్నదో దాచక చెప్పెదను. ఇందాకటి తిమింగిలమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. తిమింగిలము ఊపిరితిత్తులతో గాలి పీల్చును, పిల్లలను కని పాలిచ్చును. ప్రాణిశాస్త్ర దృష్టిలో అది చేప కానే కాదు. కాని ప్రవక్త సహచరులు దానిని చేప యనియే ఎంచిరి, తినిరి, ప్రవక్తయు తినెను, హనఫీ పండితులును దానిని చేపలలోనే చేర్చి సమాధానము చెప్పుకొనిరి. ప్రయోగశాల కొలబద్దతో కొలిచి రొయ్యను వెలివేసినచో, అదే కొలబద్దతో తిమింగిలమును కూడ వెలివేయవలసివచ్చును. అప్పుడు హదీసుతోనే చిక్కు వచ్చును. ధర్మశాస్త్రములోని చేప, ఏడవ శతాబ్దమున అరబ్బుదేశపు తీరవాసి నోట పలికిన చేప. ఆ దృష్టితో చూచినప్పుడు రొయ్య ననుమతించినవారి వాదమే నాకు గట్టిగా కనబడుచున్నది.

అయినను తిననివారి నడవడి నిరాధారమని నేననను. హలాలు స్పష్టము, హరాము స్పష్టము, నడుమ సందేహాస్పదములు కలవు, వానినుండి తొలగినవాడు తన ధర్మమును కాపాడుకొనునని ప్రవక్త చెప్పిన హదీసు మిక్కిలి ప్రసిద్ధము. సందేహము కలిగినవాడు మానుకొనుట ఆ హదీసునకు అనుగుణమే. తాను మానుకొనుట వేరు. తినువానిని తప్పుపట్టుట వేరు. పండితులు వేయేండ్లుగా భేదపడిన విషయమున ఒకరినొకరు నిందించుట తగదను నియమము కూడ ఆ ధర్మశాస్త్రమునందే యున్నది.

విజ్ఞానశాస్త్రము సాక్షిగా వచ్చిన ఉదాహరణలు మరి రెండు కలవు. ఇండోనేషియా షాఫయీల దేశము. అచ్చటి మడఅడవులలో దొరకు పీత నీటిదా, ఉభయచరమా యను సందేహము తీర్చుటకు ఆ దేశపు ఉలేమాల, అనగా ధర్మపండితుల, మండలి జీవశాస్త్రజ్ఞులను పిలిపించి అడిగెను. అది మొప్పలతోనే ఊపిరి పీల్చును, నీటిలోనే గ్రుడ్లు పెట్టునని వారు సాక్ష్యమిచ్చిరి. ఆరోగ్యమునకు హాని లేనంతవరకు పీత హలాలని 2002లో మండలి తీర్పు చెప్పెను. హైదరాబాదులో ప్రాణిశాస్త్రము రొయ్యకు తలుపు మూసినది. జకార్తాలో అదే శాస్త్రము పీతకు తలుపు తెరచినది. సాక్షి ఒక్కడే. అడిగిన ప్రశ్నలు వేరు.

రెండవ ఉదాహరణమునకు షియా ముస్లిముల ధర్మమును చెప్పుకొనవలెను. వారి నియమము సులభము: పొలుసు గల చేప హలాలు, పొలుసు లేనిది కాదు. దానిని నీటినుండి ప్రాణముతో వెలికి తీసియుండవలెను. మన వాలుగ, జెల్ల వంటి నున్నని చేపలు వారికి పనికిరావు. శీలావతి, బొచ్చె, గోదావరి పులస నిరాక్షేపణీయములు. పీత కూడదు. రొయ్య మాత్రము ఇమాముల వచనములచే ప్రత్యేకముగా అనుమతింపబడినది! హనఫీ పండితులు తగవులాడుకొను రొయ్యకు షియాల యింట ఏ తగవును లేదు.

షియా సంప్రదాయమున ఒక చేపను గూర్చిన చక్కని ముచ్చట కలదు. దాని ఒంటిమీద పొలుసు కనబడదేమని అడుగగా ఇమాము, అది దుష్టస్వభావము గల చేప, ప్రతిదానికి ఒళ్లు రాచుకొని పొలుసులు పోగొట్టుకొనును, చెవి మొదట చూచినచో కనబడునని చెప్పెనట. ఈ ముచ్చటకు పండ్రెండు వందల ఏండ్ల పిమ్మట కాస్పియన్ సముద్రతీరమున ఇంచుమించు ఇదే ప్రశ్న మరల లేచినది. అచ్చటి స్టర్జన్ చేప గ్రుడ్లే లోకమంతట అమూల్యముగా అమ్ముడుపోవు కేవియరు. ఆ చేపకు పొలుసు లేదని ఇరాను ధర్మవేత్తలు దానిని బహుకాలము నిషిద్ధముగనే ఎంచిరి. పిదప నిపుణులు పరీక్షించి, తోకకు చేరువగా పొలుసులు కలవని తెలుపగా, 1983లో ఆయతుల్లా ఖొమేనీ దానిని హలాలని ప్రకటించెను. ధర్మము మారలేదు. చేపను మరికొంత దగ్గరగా చూచిరి, అంతే.

ఈ భేదములన్నియు ఎచ్చటనో దూరదేశములలో నున్నవని తలంపవద్దు. హైదరాబాదు నగరమును నిర్మించిన కుతుబ్ షాహీలు షియాలు. పాతబస్తీలో నేటికిని షియా కుటుంబములు పెక్కు కలవు. నిజాముల కాలమున సైన్యమున చేరుటకు యెమెన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చి ఆ నగరములోని బార్కస్‌లో స్థిరపడిన అరబ్బుల సంతతివారు షాఫయీలు. వీరి నడుమ అసంఖ్యాకులుగా హనఫీలు. ఒక్క ఊరిలో, ఒకే బజారున చేపలు కొని, మూడు తెగలవారు మూడు లెక్కలు చూచుకొందురు.

బజారు మాట వచ్చినది గనుక ఒక విశేషము చెప్పక తప్పదు. మచిలీపట్నము మొదలు నెల్లూరు వరకు గల తీరమున కడలిపై వేటకు పోవువారిలో అత్యధికులు హిందువులైన జాలరులు, పల్లెకారులు. మాంసము కొనునప్పుడు కోసినవాడెవడు, దైవనామము చెప్పెనా యని విచారించు ముస్లిము గృహస్థు, చేపను కొనునప్పుడు ఆ ప్రశ్నయే వేయడు. వేయనక్కర లేదు. క్రైస్తవుడు పట్టినను, యూదుడు పట్టినను, అగ్నిపూజకుడు పట్టినను సముద్రపు వేటను తినవచ్చునని ప్రవక్త సహచరుడైన ఇబ్న్ అబ్బాసు నాడే చెప్పెను. చేపకు జబహ్ లేదు గనుక పట్టినవాని మతముతో నిమిత్తము లేదు. తీరప్రాంతమున రెండు మతములవారిని దినదినము ఒక్క గంప చుట్టు చేర్చుచున్నది ఈ చిన్న సూత్రమే.

కడలినుండి వచ్చు చేపతోపాటు నేడు చెరువులో పెంచు చేపయు, రొయ్యయు బయలుదేరినవి. రొయ్యల సాగులో మన ఆంధ్రప్రదేశము దేశమునకెల్ల మొదటిది. పెంపకమున పెట్టు మేతను గూర్చి ప్రాచీన శాస్త్రకారులు ఊహింపలేదని తలంపకుడు. మలినములు మేసిన జంతువు మాంసమును ప్రవక్త వారించెను. దానిని కొంతకాలము కట్టివేసి శుభ్రమైన మేత పెట్టిన పిమ్మట తినవచ్చునని ధర్మవేత్తలు విధించిరి. మన జిల్లాలలో అక్కడక్కడ కోళ్ల వ్యర్థములు పోసి క్యాట్‌ఫిష్ పెంచుచున్న వార్తలు మీరు వినియేయుందురు. ఆ చేపను గూర్చి హనఫీయైనను, షాఫయీయైనను మొదట చూడవలసినది ఈ నియమమే. ప్రభుత్వమును అందలి ఆఫ్రికా జాతి చేప పెంపకమును నిషేధించినది. ఈ విషయమున ధర్మశాస్త్రమును ఆరోగ్యశాస్త్రమును ఒకే మాట పలుకుచున్నవి. హలాలైన చేపను సారాయితో వండినను, పందికొవ్వులో వేచినను అది హలాలుగా మిగులదని వేరుగ చెప్పనక్కర లేదు.

శ్రోతలారా, ముఖ్యమైన మాటలు మరియొకసారి వినుడు. పొలుసు గల చేప ముస్లిము లందరికిని హలాలు. దానికి జబహ్ అక్కరలేదు. మాలికీ, షాఫయీ, హంబలీ శాఖలవారికి సముద్రజీవులలో దాదాపు అన్నియు సమ్మతములు. హనఫీకి చేప మాత్రమే, రొయ్యయందు వారి పండితులలోనే రెండు మాటలు, పీత కూడదు. షియాకు పొలుసు చేపయు రొయ్యయు.

మీ యింటికి భోజనమునకు వచ్చు ముస్లిము మిత్రుడు ఏ లెక్క పాటించునో పేరునుబట్టి గాని ఊరునుబట్టి గాని తెలియదు. పీతల పులుసో రొయ్యల వేపుడో పొయ్యి మీద పెట్టుటకు ముందే, రొయ్య తిందురా, పీత తిందురా, యని వారినే అడుగుడు. అడిగినందుకు వారు నొచ్చుకొనరు, సంతోషింతురు.